షుగర్ మందు దాచేశారట!

షుగర్‌కు మందు ఎప్పుడో కనిపెట్టేశారట. కంపెనీలు తొక్కిపెట్టాయట. పరిశోధన కోసమని విరాళాలు పోగుచేసే సంస్థలకూ ఇందులో వాటా ఉందట. జబ్బు నయమైతే దుకాణం మూసుకోవాలి గనక ఏళ్ళ తరబడి సాగదీస్తున్నాయట. ఈ ‘అట’ల పురాణం పెళ్ళి పంక్తుల్లో వినిపిస్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది, చదువుకున్నవాళ్ళ నోట మరీ ధీమాగా పలుకుతుంది. ఏ సంస్థ, ఏ పరిశోధన, ఎంత సొమ్ము అని అడిగి చూడండి. నీళ్ళు నములుతారు.

బ్రిటన్‌లోని డయాబెటిస్ యూకే సంస్థనే తీసుకుందాం. 1934లో దాన్ని పెట్టింది నవలాకారుడు హెచ్.జి. వెల్స్, డాక్టర్ ఆర్.డి. లారెన్స్. ఇద్దరూ మధుమేహ రోగులే. లారెన్స్ అయితే ఇక బతకననుకుని ఇటలీ వెళ్ళిపోయాడు. 1923లో ఇన్సులిన్ అందబట్టి ప్రాణం నిలిచింది. అమెరికాలో జేడీఆర్ఎఫ్‌గా పేరుపడ్డ సంస్థను 1970లో మొదలుపెట్టింది టైప్ 1 షుగర్ వచ్చిన పిల్లల తల్లిదండ్రులు. కన్నబిడ్డకు జబ్బు తగ్గకూడదని కోరుకుని చందాలు వసూలు చేశారా వీళ్ళు?

పుట్టుక మంచిదే, తర్వాత చెడిపోయాయంటారా? సరే, ఖర్చు చూడండి. రోజుకు 825 నుంచి 853 క్యాలరీలు మాత్రమే ఇచ్చి, బరువు తగ్గించి, టైప్ 2 రోగుల చేత మాత్రలు మానిపించవచ్చా అని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్, గ్లాస్గోలో మైక్ లీన్ అనే పరిశోధకులు అడిగారు. ఈ ప్రశ్నకు ఏ మందుల కంపెనీ డబ్బు పెడుతుంది? మాత్రలు మాన్పించే పనికి మాత్రలు అమ్మేవాడు చందా ఇవ్వడు కదా. ఇచ్చింది డయాబెటిస్ యూకే. 20 లక్షల పౌండ్లకు పైచిలుకు. అప్పటికి ఆ సంస్థ ఒక్క పరిశోధనకు ఇచ్చిన గ్రాంట్లలో అదే పెద్దది. డైరెక్ట్ అనే ఆ పరిశోధనలో చేరినవాళ్ళు 306 మంది. అందులో సగం మందికి మొదటిరోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించి, మూడు నుంచి ఐదు నెలలు అన్నం, రొట్టె ఏమీ లేకుండా నీళ్ళలో కలుపుకుని తాగే పొడి పొట్లాల మీదే ఉంచారు. ఏడాది తిరిగేసరికి ఆ సగంలో 46 శాతం మందికి మాత్రల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. మామూలు వైద్యంలో ఉన్న రెండో సగంలో 4 శాతం మందికే. 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. ఆ దారిలోనే ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ ఈ పద్ధతిని రోగుల దాకా తీసుకెళ్ళింది. దుకాణం మూతపడుతుందని భయపడేవాడు చేసే పనేనా ఇది?

పొడి పొట్లాలు ఒక డైట్ కంపెనీ ఊరికే ఇచ్చిందని ఎవరో ఒకరు లేస్తారు. ఇచ్చింది, ఆ మాట పరిశోధకులే తమ వ్యాసంలో రాశారు. మరి ఈ ఫలితాన్నే పట్టుకుని ‘షుగర్ శాశ్వతంగా మాయం’ అని కషాయాలు అమ్ముకునేవాళ్ళు దాచిన మాటలో? చేరినవాళ్ళెవరూ ఇన్సులిన్ మీద లేరు, జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటలేదు, అంతా వైద్యుల కనుసన్నల్లో జరిగింది. రెండేళ్ళకు ఆ 46 శాతం 36కు దిగింది. దిగిందని లోకానికి చెప్పింది కూడా ఆ పరిశోధకులే. కషాయం అమ్మేవాడు రెండో ఏటి లెక్క ఎప్పుడైనా చెప్పాడా?

ఇక ‘తమవాళ్ళకే పంచుకుంటారు’ అన్న ఆరోపణ. దరఖాస్తు వస్తే అదే రంగంలోని బయటి శాస్త్రవేత్తలు దాన్ని దులిపి చూస్తారు. డయాబెటిస్ యూకేలో అయితే జబ్బుతో బతికేవాళ్ళే ఒక సంఘంగా కూర్చుని, ఇది మాకు పనికొస్తుందా లేదా అని తమ మాట చెబుతారు. మన దగ్గర ఏ నిధి పంపకంలో రోగిని పిలిచి అభిప్రాయం అడిగారో గుర్తు చేసుకోండి.

తొక్కిపెట్టారన్న మాటకైతే టెప్లిజుమాబ్ కథ ఇంకా ఘాటైన జవాబు. టైప్ 1 బయటపడకముందే దాన్ని వెనక్కి నెట్టే మందు ఇది. 2010లో ఒక పెద్ద పరీక్షలో అది తప్పింది. భాగస్వామిగా ఉన్న పెద్ద కంపెనీ తప్పుకుంది. లాభం కనబడకపోతే కంపెనీ ఉండదు, అది దాని ధర్మం. ప్రభుత్వ నిధులు, జేడీఆర్ఎఫ్ లాంటి సంస్థల చేయూత ఉండబట్టి పరిశోధన ఆగలేదు. జబ్బు సుమారు రెండేళ్ళు వెనక్కి జరుగుతుందని 2019లో తేలింది, 2022 నవంబరులో అమెరికా అనుమతి వచ్చింది. తొక్కిపెట్టడమంటే ఇదా?

అడగాల్సిన ప్రశ్నలు లేకపోలేదు. మందుల కంపెనీల నుంచి ఎంత తీసుకుంటున్నారు? వచ్చిన రూపాయిలో ప్రయోగశాలకు ఎంత, ప్రకటనలకు ఎంత? అడగండి, నిలదీయండి. కానీ దానికి వార్షిక నివేదిక చదవాలి. పుకారుకు ఆ శ్రమ లేదు.

‘ఇన్సులిన్ ఏడాదిలో తెచ్చారు, ఇప్పుడు వందేళ్ళయినా నయం చేయరేం?’ అన్నది వీళ్ళ బ్రహ్మాస్త్రం. ఇన్సులిన్ జబ్బును నయం చేసిందని ఎవరన్నారు? ఒంట్లో లేనిదాన్ని బయటి నుంచి పోసింది, అంతే. టైప్ 1లో శరీర రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడి చంపుతుంది. కొత్త కణాలు పెట్టినా వాటినీ వదలదు. మూలకణాల నుంచి ఆ కణాలను పెంచడానికి శాస్త్రవేత్త డగ్ మెల్టన్ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి శ్రమించారు. ఆ పనికి జేడీఆర్ఎఫ్ సొమ్మూ తోడైంది. ఆ దారిలో వచ్చిన చికిత్స ఫలితం 2025లో అచ్చయింది. పూర్తి మోతాదు పొందిన 12 మందిలో 10 మంది ఏడాది నాటికి ఇన్సులిన్ మానేశారు. అయితే ఆ కణాలు బతకాలంటే రక్షణ వ్యవస్థను అణిచే మందులు రోజూ మింగుతూనే ఉండాలి. అంటురోగాలకు తలుపు తెరిచే మందులవి. ఆ చిక్కు విప్పడానికే ఇప్పుడు ఈ సంస్థల డబ్బు పోతోంది. అది తేలేదాకా ఆగొద్దనేవాళ్ళను ఒక్కటే అడుగుతాను: ఎనిమిదేళ్ళ పిల్లకు సూది మాన్పించి, ఆ మందులు ఇవాళే మొదలుపెట్టండని మీలో ఎవరు సంతకం పెడతారు?