రామబాణానికీ మోతాదు ఉంది

తప్పక గుణమిచ్చే ఔషధాన్ని మనం రామబాణమంటాము. రోగకారకాన్ని మాత్రమే కూల్చి, శరీరాన్ని తాకని అటువంటి మందును జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 'మాయాతూటా' అని ఊహించాడు. ఆ ఊహ రక్తకాన్సరు విషయంలో ఎంతవరకు ఫలించిందో చూద్దాము.

ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే వ్యాధిలో, ఎముకల మూలుగలో తెల్లకణాలుగా పరిణతి చెందవలసిన లేతకణాలు ఎదుగుదల మాని, సంఖ్యలో మాత్రం అదుపు లేకుండా పెరుగుతాయి. మంచి కణాలకు చోటుండదు. రక్తహీనత, రక్తస్రావం, సూక్ష్మజీవుల దాడి రోగిని కొద్ది వారాలలోనే క్రుంగదీయగలవు.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టెయిన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే గుర్తును పట్టుకొనే ప్రతిరక్షకాలను కావలసినంత తయారుచేసే మార్గం కనుగొన్నారు. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది. బాణం సిద్ధమైంది. గురి కూడా దొరికింది: ఈ వ్యాధికణాలలో అధిక భాగం సి.డి.33 అనే మాంసకృత్తును పైన ధరిస్తాయి.

బాణానికి పూసిన విషం కాలికియమైసిన్. కణంలో ప్రవేశించి డి.ఎన్.ఏ. పేటలను తెంచివేస్తుంది. టెక్సాస్ సున్నపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి దీనిని 1980 దశకంలో వెలికితీసినది లెడర్లీ ప్రయోగశాల. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుండి 1948లో కన్నుమూసే వరకు పనిచేసిన చోటు అదే. అక్కడ ఆయన బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌తోనే, పిల్లల రక్తకాన్సరును తాత్కాలికంగానైనా లొంగదీయవచ్చునని సిడ్నీ ఫార్బర్ 1948లో నిరూపించాడు.

'మైలోటార్గ్' పేరుతో ఈ మందుకు 2000లో అమెరికా అనుమతి లభించింది. పదేళ్లకే దానిని ఉపసంహరించవలసి వచ్చింది. సాధారణ చికిత్సకు దీనిని జోడించిన ఒక పరీక్షలో అదనపు మేలు కనిపించలేదు సరికదా, చికిత్స తొలినాళ్లలో మరణాలు అధికమయ్యాయి. సి.డి.33 ఆరోగ్యవంతమైన కణాలపైనా ఉంటుంది. కాలేయంలోని రక్తనాళాలు పూడుకుపోయే ప్రమాదమూ ఉన్నది.

ఫ్రెంచి వైద్యులు మందును పారవేయలేదు, మోతాదును మార్చారు. చదరపు మీటరు దేహతలానికి ఒక్కసారిగా 9 మిల్లీగ్రాములు ఇచ్చేచోట, 3 మిల్లీగ్రాముల చొప్పున మొదటి, నాలుగవ, ఏడవ రోజులలో ఇచ్చారు. వ్యాధి తిరగబెట్టడం ఆలస్యమైంది. 2017లో మందుకు మళ్లీ అనుమతి వచ్చింది.

అయినా క్రోమోసోముల మార్పులు ప్రతికూలంగా ఉన్న రోగులకు దీనివల్ల ఒనగూడేది స్వల్పం. సి.డి.47ను గురిచేసుకొన్న మాగ్రోలిమాబ్ అనే మరొక ప్రతిరక్షకం 2024లో ఈ వ్యాధిపై విఫలమైంది. వ్యాధికణంపై మాత్రమే ఉండి, మంచికణంపై లేని గుర్తు కోసం అన్వేషణ సాగుతూనే ఉన్నది. అంతవరకు, మందు మంచిదా అని అడిగితే చాలదు. ఏ రోగికి, ఎంత, ఎన్ని విడతలుగా అని కూడా అడగాలి.