‘వద్దు’ అనే మీట ఎక్కడుంది?

జంషెడ్‌పుర్‌లోని సీతారాండేరాలో నివసించే తెలుగు కుటుంబం పండగకు చీరలు కొనాలంటే ఒకప్పుడు సాక్చీ బజారుకు వెళ్లేది. అక్కడా మాయమాటలకు కొదవ లేదు. అయితే ‘ఇదే ఆఖరి చీర’ అని దుకాణదారు అంటే, అతడి వెనకున్న బీరువాలోకి తొంగిచూసే వీలుండేది. బేరం కుదరక గుమ్మం దిగితే, వెనక్కి పిలిచి ధర తగ్గించేదీ అతడే. ఫోన్‌ తెరపై ‘రెండే మిగిలాయి’, ‘తొమ్మిది నిమిషాల్లో ఆఫర్‌ ముగుస్తుంది’ అన్న ఎర్ర అక్షరాలు కనిపిస్తే తొంగిచూడటానికి బీరువా ఉండదు. గడియారం నిజమో కాదో తేల్చుకోవాలంటే ఆ తొమ్మిది నిమిషాలూ గడవనివ్వడమే మార్గం. గడువు దాటాక అదే ధర, అదే గడియారం మళ్లీ ప్రత్యక్షమైతే సంగతి అర్థమైనట్లే.

కొనుగోలుదారును ఇలా ఏమార్చే తెర రూపకల్పనకు బ్రిటన్‌ డిజైనర్‌ హ్యారీ బ్రిగ్నల్‌ 2010లో ‘డార్క్‌ ప్యాటర్న్‌’ అని పేరుపెట్టారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు వెలువరించి, 13 రకాల ఎత్తుగడలను నిషేధించింది. కృత్రిమ తొందర, బుట్టలోకి అడగని వస్తువును చేర్చడం, చివరి మెట్టు దాకా అసలు ధర దాచడం వాటిలో కొన్ని.

వీటిలో నిశితంగా చూడాల్సింది భాషతో ఆడే ఆట. విమాన టికెట్‌తో బీమా వద్దనుకునే ప్రయాణికుడి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే మీట నొక్కించడాన్ని మార్గదర్శకాలే ఉదాహరణగా చూపాయి. ‘వద్దు’ అనే రెండక్షరాలతో పోయేదానికి, అపరాధ భావాన్ని జతచేశారన్నమాట. మరో ఉదాహరణ ఇంకా చిత్రమైనది. సమాచారం అందుకోవడం ఇకపై మానేస్తారా అని అడిగి, ‘అవును, అందుకోవాలనుకుంటున్నాను’, ‘ఇప్పుడు కాదు’ అనే రెండు జవాబులే ఇస్తారు. మానేయాలనుకున్నవారు ఏది నొక్కాలి?

తెలుగువారికి ఇక్కడ అదనపు చిక్కుంది. ‘బీమా వద్దా?’ అంటే మనం ‘అవును’ అనేది సాధారణంగా వద్దనే అర్థంలో. ఇంగ్లిష్‌ అలవాటులో అలాంటి ప్రశ్నకు ‘యెస్‌’ అంటే తరచూ కావాలని అర్థం. 2020లో జూన్‌లో ఫ్లిప్‌కార్ట్‌, సెప్టెంబరులో అమెజాన్‌ తెలుగు తెరలను తెచ్చాయి. తెర తెలుగులో ఉన్నా వాక్యం ఇంగ్లిష్‌ అచ్చులో పోసిందైతే ఈ చిక్కు తీరదు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, యాప్‌లో ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చే జంషెడ్‌పుర్‌ వాసికి మరింత కష్టం.

ముందే టిక్కు పెట్టిన గడితో సమ్మతి తీసుకోరాదని 2020 నాటి ఈ-కామర్స్‌ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. అయినా డబ్బు చెల్లించే ముందు బుట్టను పైనుంచి కిందిదాకా ఓసారి చదవడం మంచిది. విరాళం, బీమా, అదనపు వారంటీ దూరేది అక్కడే.

చేరడం సులువు, బయటపడటం కష్టంగా ఉండే చందాల సంగతి వేరు. ప్రైమ్‌ సభ్యత్వం విషయంలో సరైన సమ్మతి లేకుండా చేర్చుకున్నారని, రద్దును క్లిష్టం చేశారని అమెరికా ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ వేసిన కేసులో, అమెజాన్‌ ఆరోపణలను అంగీకరించకుండానే 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు పరిష్కారం కుదుర్చుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు వాపసు.

ఇక్కడ అంత పట్టు కనిపించదు. 2025 జూన్‌లో ప్రాధికార సంస్థ ఈ-కామర్స్‌ వేదికలను మూడు నెలల్లో స్వీయ తనిఖీ చేసుకోవాలని కోరింది. పరీక్ష రాసినవారినే పేపరు దిద్దుకోమన్నట్లుంది. అందువల్ల వినియోగదారు ఫిర్యాదే ప్రస్తుతానికి బలమైన ఆధారం. గడియారం, ముందు చూపిన ధర, చివరి బిల్లు: మూడింటినీ స్క్రీన్‌షాట్‌ తీసి ఉంచుకోవాలి. తర్వాత తెర మారిపోతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915 తెలుగు, సంతాలీ సహా 17 భాషల్లో పనిచేస్తోంది. అక్కడ తేలకపోతే, అమ్మకందారు బెంగళూరులో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 2019 చట్టం ఇచ్చిన సౌలభ్యమిది. సీతారాండేరా వాసికి అది తూర్పు సింగ్‌భూమ్‌ జిల్లా కమిషన్‌. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు.