అదే పదివేలు!

పుట్టినరోజు వస్తోందంటే ఇదివరకు పిల్లలు సైకిలు అడిగేవాళ్లు. ఇప్పుడు బ్యాండు అడుగుతున్నారు. జడకు పెట్టుకునేది కాదు, చేతికి కట్టుకునేది. ఎన్ని అడుగులు వేశారో, ఎంతసేపు కదిలారో, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో లెక్కచెప్పే ఫిట్‌నెస్‌ బ్యాండు. పిల్లాడు ఫోను అడగలేదు, అదే పదివేలు అనుకుని అమ్మానాన్నలూ కొనిచ్చేస్తున్నారు. ఆ వంకతోనైనా సోఫా దిగుతాడని ఆశ. మొదటి రోజు నిజంగానే దిగుతాడు. హాల్లో అటూ ఇటూ తిరుగుతాడు, లిఫ్టు మానేసి మెట్లెక్కుతాడు, పడుకునే ముందు మంచం పక్కన నిలబడి గెంతి మరీ లెక్క పూర్తిచేస్తాడు. నెల తిరిగాక చూడండి... బ్యాండు టీవీ పక్కన డ్రాయర్లో, చార్జరు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

తప్పు పిల్లాడిదేనా?

మల్కాజ్‌గిరి సంగతే తీసుకుందాం. 2007లో గ్రేటర్‌ హైదరాబాద్‌లో కలిసేదాకా ఇది విడిగా ఓ మున్సిపాలిటీ. ఆనంద్‌బాగ్‌, మీర్జాలగూడ, విష్ణుపురి కాలనీ, గౌతంనగర్‌... ఎటు వెళ్లినా ఇంటిముందు కాస్త ఖాళీ జాగా, ఓ జామచెట్టు ఉన్న ఇళ్లు కనిపించేవి. వాటిలో చాలావాటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. 2019, 2024 ఎన్నికల్లో ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్ద లోక్‌సభ నియోజకవర్గం మల్కాజ్‌గిరే. ఓటర్లే అంతమంది ఉంటే వాళ్ల పిల్లలు ఎంతమందో! వాళ్లు ఆడుకునేది ఎక్కడంటే... రెండు స్తంభాల మధ్య, కార్లు రాకముందు, సెల్లార్లో. బంతి ఏ కారు అద్దానికో తగిలిందంటే ఆ రోజుకి ఆట సరి. సఫిల్‌గూడ చెరువు కట్ట మీద నడవడానికి చోటుంది, నిజమే. కానీ పెద్దలు వాకింగ్‌కి వెళ్లే వేళకి పిల్లలు స్కూలు బస్సు కోసం బూట్లు వేసుకుంటూ ఉంటారు. ప్రతి స్కూలుకీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నడిచే స్కూలు దాన్ని ఎక్కడినుంచి తెస్తుందో చట్టానికే తెలియాలి.

ఇలాంటి చోట పిల్లాడి చేతికి బ్యాండు కట్టి 'పదివేల అడుగులు వెయ్యి నాన్నా' అంటున్నాం.

ఇంతకీ ఈ పదివేలు ఎక్కడినుంచి వచ్చింది? ఏ డాక్టరూ పరీక్షలు చేసి తేల్చిన అంకె కాదిది. 1964లో టోక్యో ఒలింపిక్స్‌ జరిగాయి. జపాన్‌ జనంలో వ్యాయామం మీద మోజు పెరిగింది. మరుసటి ఏడాది యమసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మాన్‌పో-కే'. అంటే పదివేల అడుగుల మీటరు. పలకడానికి బాగుంది, గుర్తుంచుకోవడానికి తేలిక. అమ్మకం కోసం పుట్టిన పేరు అరవై ఏళ్లు తిరిగేసరికి ప్రపంచమంతటికీ ఆరోగ్యసూత్రం అయి కూర్చుంది.

పిల్లలకైతే ఆ లెక్క అసలే సరిపోదు. క్యాట్రిన్‌ ట్యూడర్‌-లాక్‌ బృందం 2011లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. ప్రైమరీ స్కూలు వయసు మగపిల్లలకి రోజుకి 13 వేల నుంచి 15 వేలు, ఆడపిల్లలకి 11 వేల నుంచి 12 వేలు ఉంటే బాగుంటుందని అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అసలు అడుగుల జోలికే పోలేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలనీ, వారానికి మూడు రోజులైనా కండరాలకీ ఎముకలకీ బలాన్నిచ్చే ఆటలుండాలనీ 2020లో చెప్పింది. గంటా ఒకేసారి కానక్కర్లేదు. ఇరవై నిమిషాలు పొద్దున, నలభై సాయంత్రం అయినా సరే. 'ఒళ్లు అలిసేలా' అంటే ఎంతో తెలుసుకోవడానికి బ్యాండు కూడా అక్కర్లేదు. ఆడుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతే కొలత!

అసలు బ్యాండు అడుగుల్ని ఎలా లెక్కపెడుతుంది? దాని లోపల యాక్సెలరోమీటర్‌ అనే చిప్పు ఉంటుంది. పెసరగింజంత. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ చెయ్యి ఎలా కదులుతోందో పసిగడుతూ ఉంటుంది. నడిచేటప్పుడు చెయ్యి ఓ లయలో ఊగుతుంది కదా, ఆ లయ దొరికితే అడుగు అనుకుంటుంది. దానికి కాళ్లు కనిపించవు. అందుకే సైకిలు తొక్కుతూ చెమటలు కక్కినా అడుగులు పెద్దగా పడవు, చేతులు హ్యాండిల్‌ మీద కదలకుండా ఉంటాయి కాబట్టి. సోఫాలో కూర్చుని చెయ్యి ఊపితే మాత్రం పడతాయి. ఈ రహస్యం కనిపెట్టడానికి పిల్లలకి రెండు రోజులు చాలు. కబడ్డీలో పట్టు పట్టి నిలబడ్డ క్షణాలు, చెట్టెక్కడం, తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద ఆగి బిళ్ల అందుకోవడం... వీటికి అడుగుల ఖాతాలో విలువ తక్కువ. బతుకమ్మ ఆడితే బ్యాండుకీ పండగే. అడుగుకి అడుగు, చప్పట్లకి చెయ్యి ఊపు. ఎటొచ్చీ చప్పట్లని కూడా అడుగుల్లో వేసేసుకోవచ్చు!

కంపెనీలకి ఈ లోపాలు తెలుసు. 2018లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం ఫిట్‌బిట్‌ 'ఏస్‌' తెచ్చినప్పుడు కెలోరీల లెక్క పిల్లలకి కనిపించకుండా తీసేసింది. మంచి పనే. ఎదిగే పిల్ల ఇడ్లీ తింటూ కెలోరీలు గుణించుకోవడం కంటే దారుణం ఇంకేముంటుంది? యునిసెఫ్‌ ఇంకో దారి తొక్కింది. 2014లో అమెరికాలోని శాక్రమెంటోలో స్కూలు పిల్లలతో 'కిడ్‌ పవర్‌ బ్యాండ్‌' మొదలుపెట్టింది. ఇక్కడి పిల్లలు ఎగిరి గెంతి పాయింట్లు సంపాదిస్తే, ఎక్కడో పోషకాహారం అందక చిక్కిపోయిన పిల్లలకి ఆహారం పొట్లాలు వెళ్లేవి. తన ఒంటికోసం కాకుండా ఇంకొకరి ఆకలికోసం పరిగెత్తమన్నారన్నమాట. ఆలోచన బాగుంది. బాగులేనిదీ ఉంది. 2016లో మెక్‌డొనాల్డ్స్‌ పిల్లల భోజనంతో పాటు అడుగుల బ్యాండు ఉచితంగా ఇచ్చింది. చర్మం మీద దద్దుర్లు, మంటలు వచ్చాయన్న ఫిర్యాదులతో అమెరికా, కెనడాల్లో కొద్ది రోజులకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మన ఉక్కపోతలో పిల్లల మణికట్టుకి రబ్బరు పట్టీ రాత్రింబవళ్లూ కట్టేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రాత్రి తీసేసి, పట్టీ కడిగి ఆరబెట్టాలి.

దద్దుర్లు కంటికి కనిపిస్తాయి. కనిపించని గీతలు వేరే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 13, 14 ఏళ్ల పిల్లలకి ఎనిమిది వారాలపాటు బ్యాండ్లు ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. మొదట్లో హుషారు కనిపించింది. ఆ హుషారు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే పిల్లలు చెప్పింది పోటీ గురించి, లక్ష్యం చేరకపోతే కలిగే తప్పు చేసిన భావన గురించి, లోపలి ఒత్తిడి గురించి. ఎనిమిది వారాలయ్యేసరికి తమంతట తాము కదలాలన్న ఇష్టం పెరగకపోగా తగ్గింది. ఇలా అవుతుందని పాత అనుభవమే చెప్పింది. 1973లో అమెరికాలో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని ఎంచుకుని, కొందరికి 'గీస్తే సర్టిఫికెట్‌ ఇస్తాం' అని ముందే చెప్పారు. సర్టిఫికెట్‌ అందుకున్న ఆ పిల్లలు తర్వాత తమంతట తాము గీసింది, ఏమీ ఆశ చూపని పిల్లలు గీసిన దాంట్లో ఇంచుమించు సగం. ఆటని లెక్కకి కట్టేస్తే లెక్క తీరగానే ఆట కూడా తీరిపోతుంది.

మరి బ్యాండు దండగేనా? కాదు. అది పిల్లాడికి చెప్పే దానికంటే పెద్దవాళ్లకి చెప్పేది ఎక్కువ.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారనుకుందాం. ఎనిమిదో తరగతి అక్క, ఆరో తరగతి తమ్ముడు. ఇద్దరికీ బ్యాండ్లున్నాయి. రాత్రి చూస్తే ఇద్దరి అంకెలూ ఇంచుమించు ఒకటే. అమ్మానాన్నలకి సంతోషం. కానీ ఏ అడుగు ఏ గంటలో పడిందో యాప్‌లో గీతలుంటాయి, అవి కూడా చూడాలి. తమ్ముడి గీత సాయంత్రం ఐదున్నరకి ఒక్కసారిగా కొండలా లేచి ఏడింటికి దిగుతుంది. క్రికెట్‌! అక్క గీతలో కొండలుండవు. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా చిన్న చిన్న మిట్టలు. మేడ మీద బట్టలు తీసుకురావడం, కిరాణా కొట్టు, వంటింటికీ హాలుకీ మధ్య కంచాలు, మంచినీళ్లు. అడుగులున్నాయి. ఆటేదీ?

ఇది ఊహ మాత్రమే కాదు. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఎంత కదులుతున్నారో 2016 వరకు సేకరించిన సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టి 2019లో బయటపెట్టింది. ప్రపంచం మొత్తం మీద నూటికి 81 మంది పిల్లలు చాలినంత కదలడం లేదు. మన దేశపు మగపిల్లల్లో ఇది 72 శాతం. కొంచెం నయంగా ఉండటానికి క్రికెట్‌ కారణం కావచ్చన్నారు. ఆడపిల్లల విషయంలోనూ భారత్‌, బంగ్లాదేశ్‌ చాలా దేశాల కంటే మెరుగ్గా కనిపించాయి. దానికి వాళ్లు ఊహించిన కారణం... ఇంటిపనులు! ఆడపిల్ల అంట్లు తోమితే అది ఆరోగ్యం ఖాతాలోకి వెళ్లిందన్నమాట. పన్నెండు దాటిందంటే 'ఇంకా కిందకెళ్లి ఆటలేంటే' అనే మాట మల్కాజ్‌గిరిలోనే కాదు, ఏ ఊళ్లోనైనా వినిపించేదే. ఆ మాట అన్న రోజు నుంచి గీత ఎలా మారిందో బ్యాండు దాచుకోదు. కొన్న డబ్బు దీనికైనా పనికొస్తుంది.

కాబట్టి కొన్నాక మొదటి వారం ఏ లక్ష్యమూ పెట్టకండి. ఊరికే కట్టుకోనివ్వండి. స్కూలు రోజు ఎలా ఉంది, ఆదివారం ఎలా ఉందన్నది మాత్రం చూడండి. చాలా ఇళ్లలో ఆదివారమే తక్కువ ఉంటుంది, ఆశ్చర్యపోకండి. పెంచాలనుకుంటే పక్కింటి అబ్బాయి అంకెతో కాదు, వాడి కిందటి వారం అంకెతోనే పోల్చండి. నాన్న కూడా ఒకటి కట్టుకుని రాత్రి తన అంకె చదివితే ఇంకా మంచిది. నాన్నది మూడువేలు దాటకపోతే ఇంట్లో కొంత నవ్వులు పూస్తాయి, ఆదివారం ఇద్దరూ కలిసి చెరువుకట్ట దాకా నడుస్తారు. 'అడుగులు పూర్తికాలేదు, టీవీ లేదు' అని మాత్రం అనొద్దు. బొద్దుగా ఉన్న పిల్లాడి అంకెని చుట్టాల ముందు చదవడం అంతకంటే ఘోరం.

ఇంకో మాట. అడుగులు మాత్రమే లెక్కపెట్టే బ్యాండు వేరు, సిమ్‌కార్డుతో పిల్లాడు ఎక్కడున్నాడో చూపించే వాచీ వేరు. చుట్టుపక్కల మాటలు రహస్యంగా వినగలిగే పిల్లల వాచీల అమ్మకాన్ని జర్మనీ 2017లో నిషేధించింది, కొన్నవాళ్లని పాడుచేసి పారేయమంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. యాప్‌లో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేది మీ వేలే కదా, ఒక్క నిమిషం ఆగి చదవండి. పుట్టినతేదీ, ఇంటిపేరు, స్కూలు ఫొటో... అడుగులు లెక్కపెట్టడానికి ఇవన్నీ ఎందుకు?

ఇక ఆ గంటసేపు ఆడటానికి చోటు సంగతి. దాన్ని ఏ యాప్‌లోంచీ దించుకోలేం. కానీ అపార్ట్‌మెంట్లలో నెలకోసారి అసోసియేషన్‌ మీటింగ్‌ జరుగుతుంది. లిఫ్టు రిపేరు, నీళ్ల ట్యాంకరు, వాచ్‌మన్‌ జీతం, మెయింటెనెన్స్‌ బాకీలు... ఎప్పుడూ ఉండే ఈ జాబితాలో ఈసారి ఇంకొకటి రాయించండి. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా సెల్లార్లో కొంత మేర కార్లు పెట్టకూడదని. ఆ వేళకి సగం కార్లు ఎలాగూ ఆఫీసుల దగ్గరే ఉంటాయి. ముగ్గులో గీసినట్టు సున్నంతో ఓ గీత గీయిస్తే సరి. అమ్మాయిలున్న ఇళ్లవాళ్లు ఆ మీటింగ్‌కి తప్పకుండా వెళ్లాలి.