తుపాకి సౌలభ్యం ఎవరికి?

విద్యార్థి మిత్రులలో కొందరికి ఆయుధాల మీద ఆసక్తి మెండు. బొమ్మ చూచి తుపాకి పేరు చెప్పగలరు. గొట్టం పొడవు, బరువు, తూటా కొలత ఏకరువు పెట్టగలరు. ఈ జిజ్ఞాసను నేను తప్పుపట్టను. అది భౌతికశాస్త్ర పాఠమే. అయితే ఆ పాఠం సగంలో ఆగిపోరాదని నా మనవి.

అమెరికా సైన్యం 1941లో స్వీకరించిన ఎం-1 కార్బైన్‌ను ఉదాహరణగా తీసుకొందాం. కార్బైన్ అనగా పొట్టి గొట్టం గల రైఫిల్. అదే సైన్యం వాడిన గారండ్ రైఫిల్ గొట్టం 24 అంగుళాలు, బరువు నాలుగు కిలోలకు పైన. కార్బైన్ గొట్టం 18 అంగుళాలే. బరువు సుమారు రెండున్నర కిలోలు. మందు మండగా పుట్టిన వాయువులో కొంత, గొట్టంలోని సన్నని రంధ్రం గుండా వచ్చి ముషలకాన్ని నెట్టుతుంది. వాడిన తూటా డొప్ప బయటపడి, స్ప్రింగు బలంతో కొత్త తూటా లోనికి చేరుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండే వెలువడుతుంది కనుక ఇది సెమీ-ఆటోమేటిక్. మేగజీనులో 15 తూటాలు.

ఇక తూటా సంగతి. గుండు బరువు సుమారు 7 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 600 మీటర్లు. లెక్క కడితే గతిజశక్తి 1260 జౌళ్లు. పాత 303 తూటా శక్తిలో ఇది సగం కూడా కాదు. అందువల్లనే భుజానికి తగిలే దెబ్బ తక్కువ. వాహనచోదకులు, ఫిరంగి దళాలవారు మున్నగు, రైఫిల్ పోరు ముఖ్యవృత్తి కాని సైనికుల కోసం దీనిని రూపొందించారు. గమనించండి: ఇందలి ప్రతి గుణమూ పేల్చేవాని సౌకర్యమే. ఎదుట నిలిచినవాని ఊసు ఆ పట్టికలో లేదు.

ఆ లేని భాగం మన ప్రాంతానికి బాగా తెలుసు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సూర్యాపేట తాలూకా పల్లెలు మొదట కర్రలతో, వడిసెలలతో, కారంపొడితో నిలిచాయి. పిదప భర్మార్లు, రైఫిళ్లు చేపట్టాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొరల మనుషుల తుపాకికి బలి అయినాడు. ఆ తుపాకి గొట్టం పొడవెంతో మనం అడగం. ఆయన పేరు మాత్రం మరువం. 1948 ఆగస్టులో హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కాల్చి, చేయి నరికారు. రజాకార్లను ఎదిరించి, భారతదేశంలో విలీనం కావాలని వ్రాయడమే ఆయన నేరం. ఆయుధం భయపడినది ఆ వ్రాసే చేతికే.

ఆయుధం పట్టక తప్పని కాలం ఉండదా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఉండినది. కాని మన పెద్దలు భూమి కొరకు, మానం కొరకు, వెట్టి నుండి విముక్తి కొరకు తుపాకి పట్టారు; తుపాకి మీది మోజుతో కాదు. 1951లో పోరాటం విరమించబడింది. కారణం మరచి పనిముట్టును పూజించడం వారి త్యాగానికి అవమానం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఏటా ఆగస్టులో షోయబుల్లా ఖాన్ పేరిట ఉర్దూ, తెలుగు భాషలలో వక్తృత్వ పోటీ జరపండి. తూటా లెక్క తెలిసిన మన విద్యార్థి, అది కూల్చిన మనిషి కథ కూడా చెప్పగలగాలి. అప్పుడే ఆ పాఠం పూర్తి అవుతుంది.