ఐ.పి. పెడితే తప్పేమిటండీ?

మా పోలవరంలో మనిషిని తిట్టడానికి బూతులు అక్కర్లేదు. "వాడా! ఐ.పి. పెట్టినవాడు కదూ!" అంటే చాలు. ఆ రెండక్షరాలు ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కి పొట్టిపేరని అన్నవాడికీ తెలియదు, అనిపించుకున్నవాడికీ తెలియదు. దొంగతనం చేసి జైలుకెళ్ళొచ్చినవాడికైనా పిల్లనిస్తారేమో గానీ, ఐ.పి. పెట్టినవాడింట్లో మంచినీళ్ళు పుచ్చుకోవడానిక్కూడా ఆలోచిస్తారు.

కిందటి నెల మా వీధి చివర దర్జీ కొట్టుకి తాళం పడింది. రాత్రికి రాత్రి పెళ్ళాం పిల్లలతో ఊరొదిలి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి అరుగుల మీద తీర్పులు కూడా అయిపోయాయి. "అప్పు చేసి పప్పుకూడు తింటే యింతేనండీ" అన్నాడొకాయన, ఆ దర్జీ చేత అరువుకి కుట్టించుకున్న లాల్చీ తొడుక్కునే! పప్పుకూడూ లేదు, పాడూ లేదు. భార్య ఆపరేషనుకి తెచ్చిన డబ్బది.

అంతకు వారం ముందు నేనే అతనితో అన్నాను, "ఐ.పి. పెట్టవయ్యా, దానికో చట్టం వుంది" అని. కత్తెర పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "చచ్చినా ఆ పని చెయ్యనండి మాస్టారూ. మా యింటా వంటా లేదండి" అన్నాడు.

ఆ 'చచ్చినా' అన్న మాటకే నాకు భయం వేసింది. అది ఉత్తుత్తి మాట కాకుండా పోయిన యిళ్ళు మన రాష్ట్రంలో తక్కువేం కాదు. వారం వారం మైక్రోఫైనాన్సు వసూళ్ళకి తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకుంటూంటేనే గదా, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అందుకే దర్జీ పారిపోయాడని విన్నప్పుడు, ఎవరేమనుకున్నా సరే, 'పోన్లే, బతికున్నాడు' అనుకున్నాను.

పరువుగా అప్పు తీర్చడమంటే ఏమిటో మా యింట్లోనే చూశాను. లెక్కల మాస్టారు పని చేసి రిటైరైనవాణ్ణి కనక లెక్కతోనే చెబుతాను. 1986 ఆగస్టు వరదకి మా లంకపొలం ఇసకమేట వేసింది. అది తీయించడానికి నాన్నగారు నూటికి మూడు రూపాయల వడ్డీకి 8,000 తెచ్చారు. "బారువడ్డీయేనండోయ్, చక్రవడ్డీ పాపం నాకొద్దు" అన్నాడు యిచ్చినాయన. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళకి కాలదోషం పడుతుంది. పాత బాకీలు మనిషిని జన్మంతా తరమకూడదని పెట్టిన గడువది. ఈయన మాత్రం ఆ గడువు దాటకుండా వచ్చి, వడ్డీని అసల్లో కలిపి, కొత్త నోటు రాయించుకునేవాడు. 1989లో 16,640. 1992లో 34,611. 1995లో 71,991. పై రూపాయి "మీ మొహం చూసి" వదిలేశాడు లెండి! లంక అమ్మి కట్టేశాం. మగాడంటే ఆయనే అని ఊరంతా నాన్నగార్ని మెచ్చుకుంది. ఆయన మాత్రం ఆ తర్వాత గోదారి ఒడ్డుకి వెళ్ళడం మానేశారు.

మా ఊరికి ఎగువన ఏజెన్సీ. అక్కడి కొండజాతులవారి కోసం 1917లోనే తెల్లదొరలు ఒక చట్టం చేశారు. వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదు, చక్రవడ్డీ కూడదు, వడ్డీ మొత్తం కలిపి అసలుని దాటకూడదు. అది అమలైన తీరు వేరే కథ. కానీ ఆ లెక్కన మా బాకీ ఎన్నేళ్ళయినా 16,000 దగ్గర ఆగిపోవాలి.

యింతకీ ఐ.పి. సంగతి. అది 1920 నాటి చట్టం. 500 రూపాయల అప్పున్నవాడైనా అర్జీ పెట్టుకోవచ్చు. వున్న ఆస్తి రిసీవరు చేతిలోకి పోతుంది, అప్పులవాళ్ళకి పంచుతారు. వంటగిన్నెలు, పక్కబట్టలు, చేతివృత్తివాడి పనిముట్లు ముట్టుకోరు. మోసం లేకుండా నడుచుకున్నవాణ్ణి చివరికి కోర్టు మిగతా బాకీల నుంచి విడుదల చేయవచ్చు.

"ఆస్తి పెళ్ళాం పేర పెట్టేసి ఐ.పి. పెట్టేవాళ్ళ సంగతో?" అంటారు. వున్నారు, కాదనను. వాళ్ళని చూసే ఆ మాట యింత చెడిపోయింది. కానీ అర్జీకి ముందు రెండేళ్ళలోపు ఉత్తపుణ్యానికి రాసిచ్చిన ఆస్తిని వెనక్కి లాగడానికి అదే చట్టంలో వీలుంది. దొంగలు దూరుతున్నారని వీధి తలుపుకి మేకులు కొట్టేసి, యింట్లోవాళ్ళని లోపల మాడ్చేస్తామా?

కంపెనీలు దివాలా తీస్తే మాత్రం భాషే మారిపోతుంది. వాటికోసం 2016లో కొత్త కోడ్ వచ్చింది. బాంకులు వదులుకునే కోట్లకి 'హెయిర్‌కట్' అని ముద్దుపేరు. వాళ్ళది క్షవరం, మావాడిది గుండు! ఆ కోడ్‌లోనే బీదవాడికి కొత్త బతుకు యిచ్చే అధ్యాయం ఒకటి రాశారు. ఏడాది రాబడి 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటకూడదు, సొంత యిల్లుండకూడదు. 35,000తో అప్పు ఆగిపోయిన అదృష్టవంతుడు ఎక్కడున్నాడో గానీ, అతనికైనా అది అందలేదు. అచ్చయిన ఆ అధ్యాయాన్ని ఇంతవరకూ అమల్లోకి తేనేలేదు.

మొన్న రాత్రి కొత్త నెంబరు నుంచి ఫోను. దర్జీయే. ఏ ఊరో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎక్కడో షెడ్డులో కూలికి జాకెట్లు కుడుతున్నాట్ట.

"మాస్టారండీ, మిషను పట్టుకుపోయారాండీ?"

"లేదయ్యా, కిటికీలోంచి కనబడుతూనే వుంది. పనిముట్లు ముట్టుకోకూడదని చట్టంలో వుందని చెప్పానుగా."

కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఆ కోర్టు అర్జీకి ఏం కాయితాలు కావాలో కనుక్కోండి. తాళంచెవి చూరులో వుందండి. మిషనుకి కాస్త నూనె వేయించండి మాస్టారూ, వానాకాలం కదా, తుప్పట్టేత్తాదండి."