9,300 రూపాయల మెషిను, ఒక ఆచారి గారు



పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాస్తే చాలామంది మాట్లాడారు. ఈసారి మోటార్లు, స్క్రూల గురించి రాస్తున్నా. "అన్నా, భూమి మీద రాయి, దాడుల మీద రాయి, ఇదేంది?" అనేవాళ్ళు ఉంటారు. ఓపిగ్గా చదవండి, ఇదీ అదే లెక్క.

మా తమ్ముడొకడున్నాడు. రక్తసంబంధం కాదు, హాస్టల్ తమ్ముడు. ఐటీఐ ఫిట్టర్ చదివి బాలానగర్‌లో ఒక షెడ్డులో హెల్పరుగా చేరాడు. అక్కడ సీఎన్సీ రౌటర్ ఉంది. కంప్యూటర్లో గీసిన బొమ్మను చెక్క మీద తనంతట తానే చెక్కే మెషిను. ఏడాదిన్నర దాని పక్కనే ఉన్నాడు, చేసిన పని మాత్రం పొట్టు ఊడ్చడం, షీట్లు మొయ్యడం. కంప్యూటర్ ముందు కూర్చునేది ఓనరు బామ్మర్ది. "నీకెందుకురా అది" అన్నారట రెండుసార్లు. మూడోసారి వీడు అడగలేదు.

డేవిడ్ నోబుల్ అనే అమెరికా చరిత్రకారుడు 1984లో 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' అని పుస్తకం రాశాడు. ఈ మెషిన్ల పుట్టుక గురించే. ఎంఐటీలో, అమెరికా వైమానిక దళం డబ్బుతో, 1952లో ఇలాంటి మొదటి మిల్లింగ్ మెషిన్‌ను నడిపి చూపించారు. అప్పటికే ఇంకో పద్ధతి కూడా ఉంది. పనివాడు ఒకసారి చేత్తో చేస్తాడు, మెషిను ఆ కదలికల్ని టేపులో దాచుకుని మళ్ళీ చేస్తుంది. అందులో తెలివి పనివాడి దగ్గరే ఉంటుంది. ఆ దారి పక్కకు పోయింది. పని మీద అదుపు షెడ్డులోంచి ఆఫీసుకు పోవాలని యాజమాన్యాలు కోరుకోవడం దానికొక ముఖ్య కారణమని నోబుల్ వాదన. ఆలోచన పై గదిలో, చెయ్యి కింద షెడ్డులో. ఇది మనకు కొత్తా? కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్ని మెట్లు మెట్లుగా విడగొట్టడమని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. బాలానగర్ షెడ్డులో చీపురుకీ కీబోర్డుకీ మధ్య ఉన్న నాలుగు అడుగులు అవే మెట్లు.

తమ్ముడు పని మానేసి వచ్చి, "సొంతంగా చేద్దాం అన్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అప్పు ఇప్పిద్దామని ఒక ఆఫీసుకు తీసుకెళ్ళా. అక్కడ డీలర్ కొటేషన్ తెమ్మన్నారు. కొటేషన్ 2 లక్షల పైన. "మేమే తయారు చేసుకుంటాం సార్, పది వేలు చాలు" అంటే ఆయన ఫారం తిరగేసి చూపించాడు. దాంట్లో అలాంటి గడి లేదు. మనవాడు కొనుక్కోవడానికి పథకం ఉంది, తయారు చేసుకోవడానికి లేదు. సబ్సిడీ మన పేరు మీద వస్తుంది, పోయేది డీలరు గల్లాలోకి.

సరే. కోఠి గుజరాతీ గల్లీలో ఆర్డినో బోర్డు, దాని మీద కూర్చునే షీల్డు, మూడు డ్రైవర్లు, మూడు నీమా 17 మోటార్లు, 12 వోల్టుల పవర్ సప్లై కొన్నాం. పట్టాల బదులు బీరువా సొరుగులకు వాడే డ్రాయర్ చానెళ్ళు. చట్రానికి ప్లైవుడ్డు ముక్కలు. బోర్డులో నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము ఉచితం, బొమ్మ గీసే ఇంక్‌స్కేప్ ఉచితం. మొత్తం 9,300. అందులో ఎక్కువ మింగింది మోటార్లు.

మొదటి రోజు 10 మిల్లీమీటర్లు కదలమంటే 40 కదిలింది. బోర్డు పాడైందనుకున్నాం. రెండు రాత్రులు తల పట్టుకున్నాక తప్పు లెక్కలో దొరికింది. టీ8 స్క్రూ మీద మర పక్క మరకు దూరం 2 మిల్లీమీటర్లే, కానీ దాని మీద నాలుగు మరలు కలిసి తిరుగుతాయి. అంటే ఒక్క చుట్టుకు నట్టు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. మోటారు చుట్టుకు 200 అడుగులు, డ్రైవర్ ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తుంది, మొత్తం 3,200. దాన్ని 8తో భాగిస్తే 400. మేం 2తో భాగించి 1,600 పెట్టాం. తొమ్మిదో తరగతి లెక్క. లెక్కల్లో రెండుసార్లు తప్పిన తమ్ముడు ఆ 400 కాగితం మీద రాసి గోడకు అంటించాడు. ఇంకా ఉంది.

గొప్పలు చెప్పను. చానెళ్ళు ఊగుతాయి. టేకు దుంగల్ని చెక్కుతుందనుకోకండి. ఎండీఎఫ్, పల్చని చెక్క, అక్రిలిక్, అదీ ఒక్కో విడతకు మిల్లీమీటరు లోతు. ఎండీఎఫ్ పొట్టు ఊపిరితిత్తులకు చెడ్డది. మాస్కు, కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. పవర్ మొత్తం ఆపే ఎర్ర బటన్ చేతికి అందేలా ఉండాలి. దాని మీద పైసా మిగుల్చుకోవద్దు.

అమెరికా కుర్రాళ్ళు గ్యారేజీలో మొదలుపెట్టి కంపెనీలు పెట్టారని కథలు చెప్తారు కదా. మన వాడలో గ్యారేజీ ఎక్కడిది? పది బై పది గదిలో మంచం నిలబెట్టి మెషిను పెట్టాం. చప్పుడుకు ఇంటాయన వచ్చాడు. మెషిన్ని మెచ్చుకున్నాడు, నీళ్ళు తాగాడు, పోతూ పోతూ "మీరేమిట్లు?" అన్నాడు. చెప్పాం. నెలాఖరుకు గది ఖాళీ చేశాం.

ఇప్పుడు మెషిను మా ఇంటి వరండాలో ఉంది. మొదటి పెద్ద ఆర్డరు పూజ మందిరం తలుపుకు జాలీ. నవ్వకండి, మార్కెట్లో ఉన్న పనే అది. ఫోన్లో కస్టమర్ తమ్ముణ్ణి "ఆచారి గారూ" అంటాడు. చెక్క పని ఇంత బాగా చేసేవాడు ఇంకెవరై ఉంటాడని ఆయన లెక్క. తమ్ముడు ఒకసారి దిద్దబోయి ఆగిపోయాడు. అడ్వాన్సు ఇంకా రాలేదు. నువ్వు ఎందుకు చెప్పలేదని వాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. ఖాళీ చేసిన గది నాకూ గుర్తుంది.

ఇక నా వాదన. 1942లో బాబాసాహెబ్ వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లలకు సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు కావాలని, సాంకేతిక శిక్షణలో చోటు కావాలని అడిగారు. మనం స్కాలర్‌షిప్ బకాయిల కోసం కొట్లాడుతూ పనిముట్ల సంగతి వదిలేశాం. నీతి ఆయోగ్ టింకరింగ్ ల్యాబుకు బడికి 20 లక్షల వరకు ఇస్తుంది. అలాంటి గది ప్రతి సంక్షేమ హాస్టల్లో ఎందుకుండకూడదు? తాళంచెవి వార్డెన్ దగ్గర కాదు, పిల్లల దగ్గర ఉండాలి. అప్పు ఫారంలో "సొంత తయారీ, విడిభాగాల ఖర్చు" అనే గడి రావాలి. విద్యార్థి సంఘాల తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి మెమోరాండంలో ఈ రెండూ రాయండి. మెస్ చార్జీల కింద ఒక లైను చాలు.

వచ్చే ఆదివారం వరండాలో వైరింగ్ చూపిస్తాం. వచ్చేవాళ్ళు మల్టీమీటర్ ఉంటే పట్టుకురండి, మాది పాడైంది.