పొడుగు మాటను ముక్కలు చేద్దాం

ఇంగ్లీషు కాగితంలో పొడుగు మాట కనబడగానే మనలో చాలామందిమి చదవడం మానేసి సంతకం పెట్టేస్తాం. అది తప్పంటాం మేము. మాటను ముక్కలు చేస్తే సగం బెదురు పోతుంది. 'నాన్‌-రిఫండ్‌-అబుల్': నాన్ అంటే కాదు, రిఫండ్ అంటే తిరిగివ్వడం, అబుల్ అంటే వీలయ్యేది. కట్టిన డబ్బు తిరిగి రాదన్నమాట! ఏజెంటు రసీదు మీద ఇది ఉంటే కట్టకముందే నిలదీయాలి.

కొన్నిచోట్ల మాత్రం ఈ లెక్క తప్పుతుంది. థిన్నర్ డబ్బా మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటే, ఫ్లేమ్ అంటే మంట, ఇన్ అంటే కాదు, కాబట్టి అంటుకోదులే అనుకోవద్దు. ఇక్కడ ఇన్‌కు 'కాదు' అని అర్థం లేదు. అది ఇట్టే అంటుకునే సరుకు. అంటుకోనిది 'నాన్‌ఫ్లేమబుల్'. ఈ తికమక వల్లే చాలా డబ్బాల మీద ఉత్త 'ఫ్లేమబుల్' అని రాస్తున్నారు. రెంటికీ అర్థం ఒకటే. ఆ డబ్బా దగ్గర బీడీ వెలిగించకండి.